తప్పిన ప్రయోగానికీ విలువ ఉన్నది

మన జిల్లాలోని శ్రీహరికోట నుండి బరువైన ఉపగ్రహాలను మోసుకొనిపోయే రాకెట్టుకు పై దశయే ప్రాణం. అందులో మండేది ద్రవ హైడ్రోజన్. బరువు స్వల్పం, శక్తి అధికం. కాని సున్నాకు 253 డిగ్రీల దిగువన నిలిపితేనే అది ద్రవంగా ఉంటుంది. అంతటి చలిలోనూ పంపులు నిమిషానికి వేల చుట్లు తిరగవలసి ఉన్నది.

ఈ విద్య కొరకు 1991లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అమెరికా అభ్యంతరం వలన 1993లో రష్యా వెనుకకు తగ్గినది. తయారైన యంత్రాలు వచ్చినవి గాని విద్య రాలేదు. మన శాస్త్రజ్ఞులు స్వయంగా పూనుకొన్నారు. 2010 ఏప్రిల్ 15న వారి తొలి ప్రయోగం సముద్రం పాలైనది. ఇంధన పంపు ఆగిపోయినదని తేల్చి, ఆ సంగతి దాచక ప్రకటించి, లోపం సరిదిద్దారు. 2014 జనవరి 5న విజయం లభించినది. 2023లో చంద్రయాన్-3ను మోసినదీ హైడ్రోజన్ పై దశ గల రాకెట్టే.

మన ప్రయోగశాలల్లో జరుగుతున్నదేమి? ఫలితం సరిపడకపోతే నిరుటి రికార్డులోని అంకెలను దింపుకొంటున్నాము. మార్కులు పోవునన్న భయమే ఇందుకు మూలం. ఫలితం తప్పినా, కారణం వెదకి వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదని కళాశాల కమిటీవారికి నా మనవి. సోదర విద్యార్థులారా! ఎరువు తెచ్చుకొన్న అంకెలతో రికార్డు నిండవచ్చును. రాకెట్టు మాత్రం లేవదు.