వెనక సీటు తీర్పు

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కారు సంగతులెందుకని మీరడగవచ్చు. అడగవలసిన మాటే. పద్యంలో గణం తప్పితే పట్టుకోగలను గాని, బండి కింద ఏది తప్పిందో మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. తెలుసుకోవడానికి పదకొండు వేల రూపాయలూ, మా అమ్మ నడుమూ ఖర్చయినాయి. వెనక షాకబ్జర్లు మార్పించి గట్టివి వేయించాలని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, ఈ కథ విన్నాక ఆ పని చేయండి.

మాది గుడుపల్లె. ఉద్యోగం కుప్పంలో. పదేళ్ళ నాటి చిన్న కారొకటి ఉంది. మా చెల్లెలు మదనపల్లెలో కాపురముంటున్నది. ఏటా సంక్రాంతి వెళ్ళగానే అమ్మ అక్కడికి పోయి నెల్లాళ్ళుండి రావడం అలవాటు. కుప్పం, పలమనేరు, పుంగనూరు మీదుగా దారి. రెండేళ్ళుగా అమ్మ ఆ ఊసే ఎత్తడం లేదు. "ఈసారికి వద్దులేరా" అంటుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పెద్దతనంతో మొండితనం వచ్చింది కాబోలు ననుకున్నాను. చివరికి మా ఆవిడ అసలు సంగతి బయట పెట్టింది.

"అత్తయ్యకు వెనక సీట్లో కూచుంటే నడుము విరిగినంత పనవుతున్నదట. మీతో చెబితే అప్పుచేసి కొత్త కారు కొంటారని భయం."

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ ఆదివారమే బెంగుళూరు జె.సి. రోడ్డుకు వెళ్ళాను. అక్కడ విడిభాగాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. "కంపెనీవాటికంటే గట్టివి సార్, లోపల గ్యాసు కూడా ఉంటుంది. బండి రోడ్డును కరుచుకుని పోతుంది" అన్నాడొక దుకాణదారు. వేయించుకుని ఇల్లు చేరాను. ఏం చెప్పను! మలుపుల్లో బండి ఒరగదు, ఎత్తుపల్లాల్లో తూగదు. వాహనమంటే ఇదీ అనుకుని మరునాడు అమ్మను ఎక్కించుకుని కుప్పం దాకా పోయి వచ్చాను.

"ఎట్లుందమ్మా?"

"ముందరే మేలురా నాయనా. అప్పుడు ఊగతా ఉన్నింది, ఇప్పుడు గుద్దతా ఉండాది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. బండిని కుప్పంలో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. అతడు కిందికి తొంగిచూసి నవ్వాడు. "సార్, ఇప్పుడు నేను నడపతా. మీరు వెనక కూచోండి" అన్నాడు.

పదేళ్ళలో ఆ సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. మూడు స్పీడు బ్రేకర్లు దాటేసరికి అమ్మ మాటకు అర్థం తెలిసింది. నడిపేవాడు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ కూర్చుంటాడు. చేతిలో స్టీరింగుంది, ఎదర గుంత కనబడుతుంది, ఒళ్ళు ముందే సర్దుకుంటుంది. వెనక కూర్చున్నవారు ఇంచుమించు చక్రం నెత్తిమీదే ఉంటారు. గుంత వచ్చిందని వారికి చెప్పేది నడుమే.

ఆ మెకానిక్కు నాకు పాఠం చెప్పాడు. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జరు మోయదు, ఊపును ఆపుతుంది. గొట్టంలో నూనె, అందులో సన్న రంధ్రాలున్న పిస్టను. చక్రం ఎగిరినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరలేక దూరుతుంది. ఊపులోని బలం వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో నూనె నురగ కట్టి పట్టు సడలకుండా గ్యాసు కాపాడుతుంది. అంతవరకు దుకాణదారు చెప్పింది అబద్ధం కాదు.

అయితే కారు మామూలుగా సెకనుకు ఒకసారో, కొంచెం ఎక్కువో ఊగుతుంది. అది మన నడకకు దగ్గర లయ, ఒళ్ళు ఓర్చుకుంటుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే పొట్టి కుదుపులే కూర్చున్న మనిషికి గిట్టనివి. షాకబ్జరు మరీ గట్టిదైతే నిదానపు ఊపును అణుస్తుంది గాని, చిన్న గతుకుల దెబ్బను తిన్నగా సీటుకు చేరవేస్తుంది. బండి నిండా మనుషులతో, సామానుతో వేగంగా పోయేవారికి ఆ పట్టు మేలే. ఒక్క ముసలమ్మను ఎక్కించుకుని నిదానంగా పోయే నాబోటివాడికి అది శిక్ష.

మరి పాతవి బాగున్నాయా? అదీ కాదు. వాటికి నూనె కారిన జిడ్డు పట్టి ఉంది. బండి మూల నొక్కి వదిలితే ఒకటి రెండు ఊపులతో నిలవాలి. అవి ఉన్నప్పుడు మా బండి ఉయ్యాలలాగా ఊగేది. మార్చవలసినవే, అయితే మార్చవలసింది అదే రకం కొత్తవాటితో, రెండు వైపులా జతగా. తక్కిన తప్పు నాది. తలుపు దగ్గరి చీటీలో టైరుకు 33 పౌండ్ల గాలి అని రాసి ఉంటే, గట్టిగా ఉంటే మంచిదని నేను 40 పట్టిస్తూ వచ్చాను. గాలి ఎక్కువైన టైరు రాయిలాంటిది. వెనక రబ్బరు బుష్షులు కూడా అరిగిపోయి ఉన్నాయి.

గట్టివి తీయించి మామూలువి వేయించాను, బుష్షులు మార్పించాను, గాలి తగ్గించాను. బిగించిన సరుకు దుకాణదారు వాపసు తీసుకోడు గదా, ఆ జత మా అటక మీద ఉంది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక అమ్మను మదనపల్లెకు బయలుదేరదీశాను. ముందు సీట్లో కూర్చోమంటే వినలేదు; లారీలు మీదికొచ్చినట్లుంటుందట. పలమనేరులో కాఫీ తాగాం. మళ్ళీ పుంగనూరు దగ్గర "ఎట్లుందమ్మా?" అని అడిగాను. జవాబు లేదు. అద్దంలో చూస్తే ఆవిడ నిద్రపోతున్నది.

చెల్లెలింట దిగీ దిగగానే కూతురితో అన్నదట: "మీ అన్న ఇప్పుడిప్పుడే బండి తోలేది నేర్చినాడే!"