తీరిక వేళ: కొన్న వాద్యము, మ్రోగిన గిన్నె

మన యిండ్లలో సంగీతమనగా నేర్చుకొనవలసినది, పరీక్షకు గూర్చుండవలసినది, పెండ్లిచూపులనాడు పాడి వినిపింపవలసినది. అపస్వరము దొరలినచో తల వంచుకొనవలసినది. దానితో ఊరక ఆడుకొనవచ్చునని మాత్రము ఎవరును చెప్పరు. చేతికందిన కాయతో క్రొత్త పచ్చడి నూరి చూచునట్లు, ముగ్గులో చుక్కలు మార్చి వేసి చూచునట్లు, ధ్వనులను కలిపి చూచి సంతోషించుట యను పని యొకటి గలదని నలుబది యేండ్లు దాటువరకు నేనెఱుగను. దీనిని ప్రయోగాత్మక సంగీతమందురు. పేరు విని బెదరవలదు. రాగతాళములకు గట్టుబడకుండ, చెవికి వింతగాను హాయిగాను తోచిన చాలునని చేసికొను సంగీతమది.

ఈ సంగతి నాకు అంతర్జాలమున తెలిసినది. చిక్కు కూడ అక్కడనే మొదలైనది. ఆ లోకమున సంగీతముకంటె యంత్రముల ముచ్చట యెక్కువ. సింథసైజరు అను విద్యుద్వాద్యమును ముక్కలు ముక్కలుగా కొని, ఒక చట్రమున బిగించి, తీగలతో కలుపుకొను పద్ధతి యొకటి యున్నది. యూరోర్యాక్ అని దాని పేరు. 1990ల నడుమ డీటర్ డోఫర్ అను జర్మను దేశస్థుడు దానిని ప్రారంభించెను. ఒక చట్రము నిండగానే రెండవది కావలెననిపించుట దాని మహిమ. నగలపెట్టె నెఱిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. ఆ దేశములవారే దీనికి పరికరములు కూడబెట్టు రోగమని పేరు పెట్టి తమ్ము తామే వెక్కిరించుకొందురు. వెక్కిరించుకొనుచునే కొనుచుందురు.

నాకును ఆ రోగము సోకినది. వంటిల్లు సర్ది, పిల్లలు నిదురించిన పిమ్మట నాకు దొరకునది అరగంట. ఆరు మాసములు ఆ అరగంటను ఏ యంత్రము మేలు, ఏది చవుక యని చూచుటకే వెచ్చించితిని. తుదకు చీటీ సొమ్ములో ఇరువదిరెండువేలు పెట్టి చిన్న సింథసైజరు నొకదానిని తెప్పించితిని. అది వచ్చిన పిదప దానికి తగిన స్పీకరు, స్పీకరునకు తగిన తీగ, ఈ రెండింటికిని తగిన బల్ల కావలసివచ్చెను. అంతలో దానికంటె మేలైనది బజారులోనికి వచ్చెనని చూచి మనసు చివుక్కుమనెను. ఈ కాలములో నేను చేసిన సంగీతమెంత యనిన, మూడు నిమిషములైనను లేదు. సొమ్ము మరల కూడబెట్టుకొనవచ్చును. ఆ అరగంటలు పోయినందుకే నాకిప్పటికిని దుఃఖము.

అట్టి వేళ డీలియా డెర్బిషైరు చరిత్ర చదివితిని. ఈమె 1937లో ఇంగ్లాండునందలి కోవెంట్రీ పట్టణమున జన్మించెను. యుద్ధకాలమున ఆ యూరిపై బాంబులు కురిసినప్పుడు మ్రోగిన హెచ్చరిక కూతలే తన మొదటి విద్యుత్సంగీతమని ఆమె తరువాత చెప్పుకొనెను. కేంబ్రిడ్జిలో గణితమును సంగీతమును చదివినను, ఒక గ్రామఫోను కంపెనీవారు ధ్వనిముద్రణ పనికి స్త్రీలను తీసికొనమని 1959లో త్రిప్పిపంపిరి. పిదప ఆమె బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపులో చేరెను. 1958లో దానిని స్థాపించినవారిలోను డాఫ్నీ ఓరమ్ అను స్త్రీ యొకతె యుండెను.

అచ్చట డీలియాకు దొరకినవెట్టి పరికరములు? ఇంజనీర్లు పరీక్షలకు వాడు ధ్వనిజనకములు, టేపు యంత్రములు, కత్తెర వంటి పనిముట్లు. దీపముపై కప్పు ఆకుపచ్చ లోహపు గిన్నె యొకటి ఆమెకు మిక్కిలి ప్రియము. దానిని తట్టి, ఆ మ్రోతను టేపుపై కెక్కించి, తట్టిన చప్పుడు మాత్రము కోసివేసి, మిగిలిన రింగణముతో స్వరములు కూర్చెడిది. 1963లో ‘డాక్టర్ హూ’ అను టెలివిజను నాటకమునకు రాన్ గ్రేనర్ వ్రాసియిచ్చిన వరుసను ఆమె ఒక్కొక్క స్వరమును వేఱువేఱుగా చేసి, టేపును కొలిచి కోసి, అతికించి వినిపించెను. తానిచ్చిన వరుసయే యిదియాయని గ్రేనర్ ఆశ్చర్యపడెనట. అయినను తెరపై ఆమె పేరు 2013 వరకు పడలేదు. ఆమె 2001లోనే గతించెను. ఈ మాట నా మనసులో ముల్లువలె నాటుకొనియున్నది.

మనదేశమునను ఇట్టి పని జరిగినది. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో అమెరికను సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరును నెలకొల్పెను. దానిపై స్వరములు కూర్చినవారిలో గీతా సారాభాయి యొకరు. ఆమె 1946లో న్యూయార్కులో జాన్ కేజ్ అను ప్రసిద్ధ స్వరకర్తకు మన సంగీతమును బోధించిన విదుషి. ఆనాటి అహమ్మదాబాదు టేపులు 2023లో లోకమునకు వెలువడినవి.

ఇది చదివిన రాత్రి నేను ఏ ధరయు చూడలేదు. వంటింటిలోనికి పోయి వినసాగితిని. బిందెలో నీరు నిండుచుండగా ధ్వని పైకి పోవును. లోపలి గాలికి చోటు తగ్గుటయే దానికి కారణము. గాజుగ్లాసులో నీరు పోసి చెంచాతో తట్టిచూడుడు, నీరు హెచ్చినకొలది స్వరము దిగును. ఇచట కంపించునది గ్లాసు, నీరు దానిని బరువెక్కించును. జలతరంగమువారు శ్రుతి చేసికొనునది ఈ మర్మముతోనే. ఇన్నేండ్లు బిందెలు నింపితిని గాని, ఈ రెండును ఎదురెదురు పోకడలని నా చెవి పట్టుకొనలేదు.

చేతిలోని ఫోనుతోనే ఈ ధ్వనులను పట్టవచ్చును. కంప్యూటరున్నచో ఆడాసిటీ యను ఉచితపు సాధనము చాలును. వేగమును సగము చేసినచో స్వరము ఒక స్థాయి క్రిందికి దిగును. గంట మ్రోతలో మొదటి తాకిడిని కోసివేసినచో అది గంటయని ఎవరును పోల్చుకొనలేరు. వెనుకనుండి ముందునకు వినిపించినచో కంచుగిన్నె మ్రోత శూన్యమునుండి పుట్టి, పెరిగి, చటుక్కున ఆగిపోవును. ఒకదానిపై నొకటి పేర్చుచు పొండు, బాగులేనిదానిని చెరిపివేయుడు. వినువారు లేకున్నను నష్టము లేదు. నా సింథసైజరును అమ్మివేయలేదు, దాని తప్పేమున్నది? నాలుగు పాటలు పూర్తి చేయనిదే క్రొత్తవాని ధర చూడరాదని మాత్రము నియమము పెట్టుకొంటిని. ఒకసారి తప్పితిని కూడ.

మొన్న కుక్కరు ఈలను ఫోనులో పట్టి, వేగము తగ్గించి, క్రింద రోటి దంపుడు చప్పుడును కలిపి వినుచుంటిని. జపము చేసికొనుచున్న మా అత్తగారు తావళము ఆపి తల యెత్తిరి.

“ఏమిటే అమ్మాయీ, అది నిడదవోలు బండి కాదుటే?”

కుక్కరండీ యంటిని. ఆమె నమ్మలేదు. చిన్ననాడు పుట్టింట అర్ధరాత్రి మెలకువ వచ్చినపుడెల్ల ఆ కూత వినెడిదాననని చెప్పి, కొంతసేపు మాటాడక కూర్చుండిరి. పిమ్మట తావళము ప్రక్కన పెట్టి, “ఏదీ, ఆ బండిని ఇంకొక్కసారి పోనీ” అనిరి.