డాక్టరమ్మ కబుర్లు: రాలే జుట్టు వేరు, విరిగే జుట్టు వేరు

పోయిన సంచికలో ఈ శీర్షిక కింద ఎగ్జిమా గురించి వ్రాశాను. "అది సరేగానీ డాక్టరుగారూ, మా పిల్ల జుట్టంతా ఊడిపోతోంది, ముందు దాని సంగతి చెప్పండి" అని సమ్మర్ పిక్నిక్‌లో నలుగురు తల్లులు నన్ను పులిహోర గిన్నె దగ్గర పట్టుకున్నారు. పిల్లల్ని పిలిచి అక్కడే చెట్టు కింద తలలు చూశాను. నలుగురిలో ముగ్గురికి జుట్టు ఊడటం లేదు. విరుగుతోంది.

ఈ తేడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. దువ్వెనకి వచ్చిన వెంట్రుకని వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన గుండుసూది తలలా చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నించి రాలింది. రోజుకి యాభై నించి వంద దాకా అలా రాలటం అందరికీ ఉన్నదే. బొడిపె లేకుండా పొట్టి ముక్కలా ఉంటే మధ్యలో విరిగిందన్నమాట. రాలుతుంటే కారణం ఎక్కువగా ఒంట్లో వెతుకుతాం: థైరాయిడు, రక్తంలో ఇనుము, మొన్నమొన్న వచ్చిన జ్వరం, కాన్పు. విరుగుతుంటే మాత్రం దువ్వెనలో, రబ్బరు బ్యాండులో, సెలూన్లో వెతకాలి. ఒక్కోసారి అమ్మ చేతుల్లో కూడా. ఆ మాటకి తరువాత వస్తాను.

నేను దీన్ని పుస్తకాల్లో నేర్చుకోలేదు. డెట్రాయిట్‌లో చర్మవైద్యం మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దావిడ తలకి స్కార్ఫు చుట్టుకుని వచ్చారు. ఆఫ్రికన్ అమెరికన్, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. స్కార్ఫు విప్పితే బిగుతైన చిన్న చిన్న స్ప్రింగుల్లాంటి జుట్టు, అక్కడక్కడా విరిగి ఎగుడుదిగుడుగా ఉంది. నేను గుంటూరు నించి తెచ్చుకున్న జ్ఞానమంతా ఒలకబోశాను. రెండు రోజులకోసారి తలస్నానం చేయండి, పొడిగా ఆరాక బాగా దువ్వండి అన్నాను. ఆవిడ అంతా విని, "డాక్టర్, మీరెప్పుడైనా ఇలాంటి జుట్టు చేత్తో పట్టుకుని చూశారా?" అని అడిగారు. లేదు. రెసిడెన్సీ మూడేళ్ళలో చర్మం చూశానుగాని అటువంటి జుట్టు చిక్కు తీసిన పాపాన పోలేదు. ఆవిడ నా చేతిని తన తలమీద పెట్టి చూపించారు. ఆ పావుగంటకి నేనే ఆవిడకి ఫీజు ఇవ్వాలి.

ఆ జుట్టు సంగతి ఇది. మన వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది. వాళ్ళది నొక్కిన గొట్టంలా బల్లపరుపుగా ఉండి, అడుగడుక్కీ మెలిక తిరుగుతుంది. ప్రతి మెలికా ఒక బలహీనమైన చోటే, తీగని మళ్ళీమళ్ళీ వంచిన చోట పుటుక్కుమన్నట్టు. తలమీద ఊరే సహజమైన జిడ్డు తిన్నని వెంట్రుక వెంబడి జారినట్టు ఆ మలుపుల వెంబడి జారదు, అందుకని చివళ్ళు ఎప్పుడూ ఎండిపోయే ఉంటాయి. అటువంటి జుట్టుకి వారానికోసారో, రెండు వారాలకోసారో తలస్నానం చాలు. కండిషనర్ మాత్రం ప్రతిసారీ పెట్టాలి, చివళ్ళకి మరీను. పొడి జుట్టుమీద దువ్వెన పెట్టకూడదు. తడిగా, కండిషనర్‌తో జారుడుగా ఉన్నప్పుడే నాలుగు పాయలు తీసి, పెద్ద పళ్ళ దువ్వెనతోనో వేళ్ళతోనో చివళ్ళ నించి మొదలుపెట్టి పైకి రావాలి. నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు! రాత్రి దిండుకి రాసుకోకుండా సాటిన్ గుడ్డ చుట్టుకోవటం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నూలు దిండుగలీబు తేమనీ పీల్చేస్తుంది, వెంట్రుక పైపొరనీ గీరేస్తుంది.

ఆవిడ సంచిలోంచి జమైకా నల్ల ఆముదం సీసా తీసి చూపించినప్పుడు నాకు నవ్వాగలేదు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసే ఆ నూనె అచ్చంగా మా అమ్మమ్మ కాచే వంటాముదమే. అది జుట్టుని కొత్తగా మొలిపిస్తుందనుకోకండి. వెంట్రుక మీద పూతలా ఉండి తేమని పోనివ్వదు, అంతే. కొబ్బరి నూనె పని వేరు, అది వెంట్రుక లోపలికి కూడా ఇంకుతుంది. తలస్నానానికి ముందు రాస్తే ప్రొటీను నష్టం తగ్గుతుందని ముంబయి పరిశోధకులు 2003లో ప్రచురించారు. మన తలంటు పద్ధతి తెలివైనదే, కుంకుడు పులుసు కళ్ళలో పడ్డ బాధ తప్ప.

ఇక రిలాక్సర్లు, అంటే ఉంగరాలని శాశ్వతంగా సాపుచేసే క్రీములు. క్లీవ్‌లాండ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే గారెట్ మోర్గన్ సూది వేడికి ఉన్ని కాలిపోకుండా ఒక ద్రవం కలుపుతూ, అది నూలుపోగుల్ని తిన్నగా చేయటం చూసి జుట్టు సాపుచేసే మందుగా అమ్మాడని చెప్తారు. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌కి పేటెంటు తీసుకున్న మోర్గన్ ఈయనే. మన ఇంజనీర్లు గమనించగలరు. వాళ్ళు సరదాకి సాపుచేసుకోలేదు. పుట్టిన జుట్టుతో వెళితే ఉద్యోగం ఇవ్వని రోజులు, పిల్లల్ని బడి నించి ఇంటికి పంపిన రోజులు చాలాకాలం నడిచాయి. జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది, మా మిషిగన్ 2023లో చేసింది. అంటే మొన్నటిదాకా ఆ చట్టం లేదన్నమాటే!

వెంట్రుకకి బలమిచ్చేవి లోపలి గంధకపు బంధాలు. రిలాక్సర్‌లో ఉండే సోడియం హైడ్రాక్సైడ్ లాంటి ఘాటైన క్షారం వాటిని తెంపుతుంది. పీహెచ్ 12 పైమాటే, మూసుకుపోయిన సింకు గొట్టంలో పోసే మందు బాపతు. "నో లై" అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన మెత్తనిదని అనుకోకండి, అదీ క్షారమే. ఒకసారి తెగిన బంధాలు మునుపటిలా అతుక్కోవు. నెలకి సుమారు అర అంగుళం కొత్త జుట్టు ఉంగరాలతోనే వస్తుంది. సాపు జుట్టూ ఉంగరాల జుట్టూ కలిసే ఆ గీత దగ్గరే ఎక్కువగా విరుగుతుంది. అందుకని మళ్ళీ పెట్టేటప్పుడు రెండు మూడు నెలలు ఆగి, కొత్తగా పెరిగిన మేరకే పెట్టాలి. పాతదానిమీద మళ్ళీ పడితే అక్కడికక్కడే తెగుతుంది. తల మండుతుంటే "ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకో" అనే సెలూన్లోంచి లేచి వచ్చేయండి. ఇస్త్రీపెట్టె లాంటి ఫ్లాట్ ఐరన్ వారానికోసారి మించకూడదు, అదీ పూర్తిగా ఆరిన జుట్టుమీదే. తడి జుట్టుమీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే మన అప్పడం గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు 33,497 మంది స్త్రీలని దాదాపు పదకొండేళ్ళు గమనించి 2022లో ఫలితాలు ప్రచురించారు. జుట్టు సాపుచేసే మందులు ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడినవారిలో 70 ఏళ్ళు వచ్చేసరికి గర్భాశయ కాన్సర్ 4.05 శాతం, అసలు వాడనివారిలో 1.64 శాతం అని అంచనా వేశారు. మందే కారణమని ఇది రుజువు చేయదు. అయినా ఈ లెక్క నా పేషెంట్లకి చెప్పకుండా ఉండను.

సవరాలు, అతుకు జుట్టు సంగతీ చెప్పాలి. ఒక పేషెంటు తన వీవ్ చూపించి, "ఇది అసలు సిసలు ఇండియన్ హెయిర్, డాక్టర్" అని గొప్పగా చెప్పింది. తిరుమల కల్యాణకట్టలో మనం సమర్పించే తలనీలాలని దేవస్థానంవారు వేలం వేస్తారు, అవి విగ్గులై దేశదేశాలకీ పోతాయి. నా తలనీలాలు నాకే తిరిగి వచ్చాయేమోనని తేరిపార చూశాను. కానీ ఆ వీవ్‌ని బిగించి కుట్టిన జడల కింద ఆ అమ్మాయి సొంత జుట్టు కణతల దగ్గర పలచబడుతోంది. అల్లేటప్పుడు నొప్పి పుడితే అది బిగుతు ఎక్కువైనట్టే. రెండు మూడు నెలలు మించి ఉంచకుండా విప్పి, తలకి విశ్రాంతి ఇవ్వాలి. లాగుడు వల్ల పోయిన జుట్టు మొదట్లో ఆపితే తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే కుదురే మచ్చపడిపోయి, ఇక రాదు. అలాగే నడినెత్తిమీదే విరుగుతూ చోటు పెద్దదవుతుంటే నూనెలతో కాలం గడపకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. ముఖ్యంగా ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలలో అది మచ్చపడే జబ్బుకి మొదటి గుర్తు కావచ్చు.

ఇంతవరకూ డాక్టరుగా చెప్పాను. అమ్మ సంగతి మిగిలింది.

మా అమ్మాయిది నాయనమ్మ పోలిక. ఒత్తుగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది జుట్టు. ఐదో ఏట కూచిపూడిలో చేర్పించాం. ప్రతి ప్రోగ్రాముకీ నూనె పెట్టి, నున్నగా వెనక్కి లాగి, సవరం కట్టి, జడగంటలు, పూలు. "అమ్మా, లాగుతోంది" అంటే "కదలకు" అనేదాన్ని. మామూలు రోజుల్లో, బస్సు వచ్చే వేళకి, "ఏమిటే ఈ పిచ్చుక గూడు" అని పొడి జుట్టుమీదే పైనించి కిందకి దువ్వెన ఈడ్చేదాన్ని. ఆ రోజే క్లినిక్‌లో ఎవరికో చివళ్ళ నించి దువ్వమని చెప్పి ఉంటాను. పన్నెండేళ్ళు వచ్చేసరికి కణతల దగ్గర పలచబడింది. చూశాను, పెరుగుతుందిలే అనుకున్నాను. బయటి వాళ్ళ తల చూసిన కళ్ళతో ఇంట్లో పిల్ల తల చూడలేదు.

పదహారో ఏట, నిరుడు, నాకు చెప్పకుండా ఒక సెలూన్లో రిలాక్సర్ పెట్టించుకుంది. మూడు నెలల తరువాత స్నేహితురాలు చెప్పిన ఇంకో సెలూన్లో వేరే రకం స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. ఆ రెండో మందు థయోగ్లైకోలేట్. హైడ్రాక్సైడ్ పెట్టిన జుట్టుమీద అది ఎప్పటికీ పెట్టకూడదు. ముందు ఏం పెట్టారని అక్కడెవరూ అడగలేదట, ఇదీ చెప్పలేదు. రెండో రోజు స్నానాల గదిలోంచి అరుపు వినపడి వెళితే, గడ్డం కిందకి ఉండాల్సిన జుట్టు గుప్పెళ్ళకి గుప్పెళ్ళు సింకులో ఉంది. ఒక్కదానికీ తెల్ల బొడిపె లేదు.

నేను డాక్టర్ని కనుక ముందు కోప్పడ్డాను. "నాకొక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాను. అది ఏడుపు ఆపి, "నువ్వే కదమ్మా రోజూ పిచ్చుక గూడు అనేదానివి" అంది. మావారు గుమ్మంలో నిలబడి నావైపు చూశారు. నాకు జవాబు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

విరిగినదాన్ని అతికించే మందు లేదు. ఏ సీసా మీద ఏం వ్రాసినా సరే. చెవుల దాకా కత్తిరించాం. ఆ సంక్రాంతి ప్రోగ్రాముకి సవరం వద్దు అని దాని గురువుగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. "నా కణతలు చూశారా డాక్టరుగారూ, నలభై ఏళ్ళ జడలవి" అన్నారావిడ. పొట్టి జుట్టుమీదే పిన్నులతో పూలదండ గుచ్చి ఆడించారు. చూసినవాళ్ళలో ఒకరిద్దరు పిల్లకి ఏమైనా జబ్బు చేసిందా అని నన్ను పక్కకి పిలిచి అడిగారు. వారికీ ఇదే జవాబు.

ఇప్పుడు ఉంగరాలు మెడ దాకా వచ్చాయి. ఆదివారం పొద్దున కొబ్బరి నూనె, తరువాత తలస్నానం, కండిషనర్, నాలుగు పాయలు. ముందు భాగం తనే చూసుకుంటుంది, వెనక పాయలకి నన్ను పిలుస్తుంది. నేను దువ్వెన పట్టుకుంటానో లేదో భుజం మీదుగా చెయ్యి వెనక్కి పెట్టి నా మణికట్టు పట్టుకుంటుంది.

"చివళ్ళ నించి, అమ్మా."