గేటు పడిన రాత్రి

"ఎన్ని రోజులు?"

పెళ్లయిన మగాడు ఫ్రెండ్స్‌తో టూరుకి వెళ్తానంటే ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న ఇదే. "ఎక్కడికి?" అన్నది రెండోది. "ఎవరెవరు?" అన్నది అసలు ప్రశ్న!

మా బ్యాచ్ నలుగురం. 2008లో అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో ఓ హాస్టల్. ఒకే గదిలో నాలుగు మంచాలు. ముగ్గురు జావా, డాట్‌నెట్ అంటూ తెల్లారకముందే కోచింగ్‌కి పరుగు. నేనొక్కణ్నే జర్నలిజం డిప్లొమా. "ఒరేయ్ విలేఖరీ, మాకు ఉద్యోగాలొస్తే ఆ వార్త నువ్వే రాయాలి" అని ఏడిపించేవాళ్లు. శనివారం సత్యం థియేటర్లో సెకండ్ షో. ఆదివారం బైకులు. అనంతగిరి కొండలు, భువనగిరి ఖిల్లా... పెట్రోలు నాలుగు వాటాలు.

ఉద్యోగాలొచ్చాక ధైర్యం పెరిగింది. 2013లో మనాలి నుంచి లేహ్, అక్కణ్నుంచి ఖార్దుంగ్ లా. కనుమ దగ్గర బోర్డు మీద 18,380 అడుగులు అని ఉంది. దాని ముందు ఫొటో దిగి ఊరంతా చెప్పుకున్నాం. తర్వాత తెలిసింది, జీపీఎస్ కొలతల్లో అది 17,582 అడుగులేనని. మా కబుర్లలో అంతకన్నా ఎక్కువే కోత పెట్టాలి లెండి!

ఆ తర్వాత పెళ్లిళ్లు. 'జిందగీ న మిలేగీ దొబారా' (2011)లో స్పెయిన్ వెళ్లినా, 'ఈ నగరానికి ఏమైంది' (2018)లో గోవా చేరినా, ఆ ప్రయాణం పెళ్లికి ముందు సంగతే. పెళ్లయిన పదేళ్లకి అదే ఫ్రెండ్స్ టూరు ఎలా కుదుర్చుకుంటారన్నది ఆ సినిమాల్లో చూపించరు.

నేను చెప్తా వినండి. ఒకడి కూతురికి పరీక్షలు. ఇంకొకడి మామగారి షష్టిపూర్తి. మూడోవాడికి ఈఎంఐ. వారం రోజుల లడఖ్ కాస్తా మూడు రోజుల హంపీ అయింది. చివరికి రెండు పగళ్లు, ఒక రాత్రి మిగిలింది. ఆ ఒక్క రాత్రి కోసం ఇంట్లో పిల్లల్నీ, పనినీ ఒంటిచేత్తో చూసుకునేది మా ఆవిడ. ఆ బాకీ ఇంకా తీర్చలేదు.

రెండేళ్ల క్రితం చలికాలంలో శ్రీశైలం బయల్దేరాం. పంజాగుట్ట చౌరస్తాలో నలుగురం కలిసేసరికే సాయంత్రమైంది. దారిలో టీలు, ఓ పంక్చరు. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా బండ్లని వదలరు. గేటు పడింది.

వెనక సీట్లో ఇద్దరూ గురక. ముందు సీట్లలో నేనూ, వాడూ. ఎదురుగా గేటు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మగాళ్లు మనసు విప్పడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

రెండింటప్పుడు అన్నాడు... "ఉద్యోగం పోయిందిరా. మూడు నెలలైంది."

"ఇంట్లో?"

"చెప్పలేదు."

రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు, క్యారియర్ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కుతాడు. అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ వెళ్లాలి. మారడు. స్టేషన్ మెట్లు దిగి మా పాత సందులోకే వెళ్లి, క్లౌడ్ కోర్సు నేర్చుకుంటున్నాడు. "మొదటిరోజు కుర్రాళ్లు లేచి నిలబడ్డార్రా. నన్ను ఫ్యాకల్టీ అనుకున్నారు" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. వేశాను. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇంట్లో చెప్పనిది నాకు చెప్పాడు... స్నేహమంటే ఇదీ!

వారం తర్వాత వాళ్లావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆయన మీతో ఏమైనా అన్నారా?"

"లేదమ్మా. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఆఫీసు క్యాంటీన్లో ఏదో ఒకటి తినేసి, ఎప్పుడూ క్యారియర్లో సగం అన్నం తిరిగి తెచ్చేవారు. మూడు నెలలుగా ఒక్క మెతుకు మిగలట్లేదు."

"పని ఎక్కువై ఆకలేస్తోందేమోనమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి ఒట్టు తీసి గట్టున పెట్టి మా ఆవిడకి చెప్పేశాను. తను కోప్పడలేదు. "రేపు మీకిలా అయితే, నేనూ ఆ ముగ్గురికీ ఫోన్ చేసి కనుక్కోవాలా?" అంది.

అంతే. గర్వం దిగిపోయింది.

స్నేహితుడి దగ్గర బరువు దించుకోవడం తప్పు కాదు. చాలామంది మగాళ్లకి ఆ మాత్రం చోటు కూడా ఉండదు. కానీ దించిన బరువుని అడవిలోనే వదిలేసి వస్తే, ఇంట్లో మనిషి చీకట్లో తడుముకుంటూ ఉంటుంది. గుట్టు దాచడం స్నేహంలో సగమే. "పద, ఇంటికెళ్లి చెప్పు" అనడం మిగతా సగం.

మర్నాడు అమీర్‌పేటలో వాణ్ని కలిశాను. సత్యం థియేటర్ ఉన్న చోట 2023లో మల్టీప్లెక్స్ వచ్చింది కదా, దాని ముందు నడుస్తూ ఫోన్ సంగతి చెప్పాను. క్యారియర్ మాట వినగానే ఆగిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు డబ్బా ఇంకా తెరవలేదు. "ఇది ఇంట్లోనే తింటాలే" అని మిట్టమధ్యాహ్నం ఎల్బీనగర్ రైలెక్కాడు.

కొత్త ఉద్యోగానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. పాతదానికన్నా జీతం తక్కువ. ఈలోగా ఈఎంఐల కోసం ఆవిడ గాజులు తాకట్టుకెళ్లాయి. "ముందే చెప్పుంటే క్రెడిట్ కార్డు వడ్డీ అయినా మిగిలేది కదన్నయ్యా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మీకూ ఓ బ్యాచ్ ఉండే ఉంటుంది. అందులో టూరుకి రావడం మానేసినవాడో, వచ్చినా మాటలు తగ్గించినవాడో ఉంటే ఓసారి పలకరించండి. వాడు చెప్పింది వినండి. విన్నాక ఇంటిదాకా దిగబెట్టండి.

ఈ మధ్య మళ్లీ బయల్దేరాం. ఈసారి పంజాగుట్ట చౌరస్తాకి వాణ్ని దింపడానికి ఆవిడే వచ్చింది. పులిహోర డబ్బా నా చేతిలో పెట్టి, "గేటు పడకముందే వెళ్లండన్నయ్యా. ఒకవేళ పడితే మాత్రం, రాత్రి ఆయన చెప్పింది తెల్లారేసరికి నాకు తెలియాలి" అంది నవ్వుతూ.

"సరేనమ్మా" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.