సూది మొన లెక్క

ఫిల్మ్‌నగర్‌లో పాతకాలపు కథ తీయాలంటే పాత కార్లు వెతకాలి గదా! మారిస్ మైనర్ దొరికితే దాని యస్.యూ. కార్బురేటరును చూడండి. స్కిన్నర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన తంత్రమది.

పాలు పెరిగితే డికాక్షనూ పెరగాలి. ఇంజను గాలి పీల్చేకొద్దీ ఇందులో పిస్టన్ లేచి, గాలిదారి వెడల్పవుతుంది. (ముషలకం అనాలని నా తెలుగు పట్టుబడుతోంది గాని, మెకానిక్కుకు అర్థం కావద్దూ?) దాని అడుగున మొన సన్నగిల్లిన సూది వుంటుంది. అదీ లేచి పెట్రోలు రంధ్రంలో సందు పెంచుతుంది.

పిస్టన్ ఒక్కసారిగా ఎగిరితే మాత్రం గాలి ఎక్కువై ఇంజను తడబడుతుంది. దాన్ని నిదానించేందుకే పైగొట్టంలో కాస్త నూనె పోస్తారు. జూబిలీహిల్స్ ఎత్తున, వెనక బస్సు తరుముతుండగా కారు మొరాయిస్తే, పెట్రోలు కల్తీ అనేముందు ఆ మూత విప్పి చూడండి. చెంచాడు పలచని ఇంజనాయిలుతో పోయేదానికి ఇంజను విప్పించేవారున్నారు!