టవరు సాక్ష్యము

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడియొద్ద నిలిచినవానికి విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు నాలుగును కలియును. మామిడి కాపు దినములలో తెల్లవార్లు కాయల లారీలు ఇచట ఆగును. డ్రైవర్లు, ముఠాకూలీలు, బేరగాండ్రు టీ త్రాగి పోవుదురు. వీరందరి ఫోనులును చుట్టుపట్లనున్న యేదో యొక టవరునకు తగులును. ఆ రాత్రి సమీపమున నేరము జరిగినచో, కాల్ రికార్డులో నెంబరున్న ప్రతివాడును నేరస్థుడేనా?

పల్లెపట్టున ఒక టవరు పరిధి కొన్ని కిలోమీటర్లుండును. ఫోను ఎల్లప్పుడును దగ్గరి టవరునే పట్టుకొనదు. రద్దీని బట్టి దూరపుదానికిని మారును. ఫోను ఏ టవరునకు తగిలెనో రికార్డు చెప్పును. అది యెవరి చేతనుండెనో, ఆ చేయి యేమి చేసెనో చెప్పదు.

ధ్రువపత్రమున్నది గదా యందురు. మూలయంత్రమును కోర్టుకు తేలేనపుడు అది తప్పనిసరియని 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ కేసులో తీర్పు చెప్పెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షనును దానిని కోరుచున్నది. మంచిదే. కాని యంత్రము సరిగా నడచెననియు, నకలు మారలేదనియు మాత్రమే ఆ పత్రము పలుకును. మనిషి ఎచటనుండెనో అది యెట్లు పలుకగలదు?

డెన్మార్కు దేశమున 2019లో ఫోను లెక్కలలో దోషములు బయటపడగా, రెండు నెలలు ఆ సాక్ష్యమును నిలిపివేసి, పదివేలకు మించిన కేసుల పునఃపరిశీలనకు పూనుకొనిరి. 32 మందిని నిర్బంధమునుండి విడిచిరి. అంత దూరమేల? 2007లో మన ఇబ్రహీంపట్నమున జరిగిన విద్యార్థిని హత్యకేసులో డి.ఎన్.ఎ. పరీక్షను గూడ చూపి యొక పేద యువకునికి శిక్ష వేయించిరి. 2017లో హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసెను. చెరలో గడచిన ఎనిమిదేండ్లను ఏ శాస్త్రము తిరిగి యిచ్చును?

టవరు సాక్ష్యమును త్రోసివేయుడని మేమనము. అది నిర్దోషికిని రక్షణ కావచ్చును. కాని కంపెనీలు రికార్డులను కనీసము రెండేండ్లు దాచిన చాలునని 2021 నాటి నిబంధన. విచారణలో అంతకు మించి సాగునవి యెన్నియో. కావున అరెస్టు నాడే పూర్తి రికార్డును భద్రపరచి ముద్దాయికి నకలీయవలెను. టవరు పరిధి యెంతయో, పొరపాటునకు తావెంతయో నిపుణుడు బోనెక్కి చెప్పవలెను. ముద్దాయి వకీలు అతనిని ప్రశ్నింపవలెను. దొంగను పట్టుట పోలీసువారి పని. టవరు నీడన నిలిచిన ప్రతివాడును దొంగ కాడని గుర్తుంచుకొనుట న్యాయస్థానపు విధి.