పంచాయతీ బోర్డు తీసేస్తే రైతుకు పోయేదేంటి?

కరీంనగర్ పక్కనున్న రేకుర్తి, ఆరెపల్లి, సీతారాంపూర్, తీగలగుట్టపల్లి మొన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీలు. 2018లో పాలకవర్గాల గడువు ముగిశాక వాటిని నగరపాలక సంస్థలో కలిపేశారు. 2020 జనవరి ఎన్నికల నాటికి అక్కడ డివిజన్లు 50 నుంచి 60 అయ్యాయి. సర్పంచ్ పోయి కార్పొరేటర్ వచ్చాడు.

పట్నంలో కలిస్తే రోడ్లు, నల్లాలు వస్తాయంటారు. వస్తే సంతోషమే. కానీ బోర్డు మార్చినంత మాత్రాన ఎడ్లు, పొలాలు, కూలి పనులు మాయం కావు కదా! ఉపాధి హామీ గ్రామాలకే వర్తించే చట్టం. ఊరు పట్నం లెక్కలోకి పోయిన నాటి నుంచి కూలీ చేతిలోని జాబ్ కార్డు ఉత్త కాగితమే. చెరువు పూడిక ముందా, పొలం బాట ముందా అని నలుగురూ కూర్చుని తేల్చుకునే గ్రామసభ కూడా ఉండదు.

ఉట్నూర్‌లో ఉన్న మనకు ఆ గొడవ ఎందుకని అనుకోవద్దు. రోడ్డు వెంట దుకాణాలు పెరిగిన కొద్దీ, "ఇంత పెద్ద ఊరు ఇంకా పంచాయతీయేనా?" అనే మాట మన చెవిన పడుతూనే ఉంది.

ప్రతి మార్పునూ మేం వద్దనడం లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రైతుకు ఆఫీసు దగ్గరైంది. అది మేలే. మున్సిపాలిటీ సంగతి వేరు. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఇక్కడ వర్తించదని 243జెడ్‌సీ అధికరణం చెబుతోంది. 2001లో పెట్టిన బిల్లు చట్టం కానే లేదు. ఈ చిక్కుతోనే మందమర్రి ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా అధికారి పాలనలో ఉంది. కౌన్సిలర్ లేడు, సర్పంచ్ లేడు. అడగాలంటే ఎవరిని అడగాలి?

1/70 చట్టం పంచాయతీ ఉన్నా లేకున్నా ఏజెన్సీ భూమికి కాపలాగా ఉంటుంది. 1996 నాటి పెసా అట్లా కాదు, అది నిలబడేదే గ్రామసభ మీద. భూసేకరణకు ముందు సంప్రదించాలన్నా, ఊరి ఉమ్మడి వనరులను కాపాడుకోవాలన్నా ఆ సభే ఆధారం.

అందుకే సంఘం సభ్యులు వచ్చే గ్రామసభకు తప్పక పోవాలి. సభ ఒప్పుకోకుండా మన పంచాయతీ హోదా మార్చవద్దని తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, నకలు తెచ్చుకోవాలి. ఒక నకలు ఐటీడీఏలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి.